ద్వీపం సినిమా, ఉప్పల్ ప్లాటు

సినిమా బాగాలేకపోతే జనం తిట్టుకుంటూ బయటికొస్తారు. నేనూ తిట్టాను. కానీ ఆ చెత్త సినిమాకు ఇప్పటికీ మనసులో దండం పెడతాను. మా ఇల్లు దాని పుణ్యమే మరి.

ఎనభైల చివరి మాట. మా ఆయనది నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం. హబ్సిగూడలో చిన్న పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. ఉప్పల్ అవతల రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ లేని చోట ఆయన ఒక ప్లాటు కొన్నాడు. ఎవరైనా కబ్జా చేస్తారన్న భయంతో ముందుగా ఇనుప గేటు పెట్టించాడు. గోడ లేదు, గది లేదు, గేటుకు మాత్రం తాళం. మేకలు దర్జాగా పక్కనుంచి వెళ్లి లోపల మేసేవి. రెండు రేకుల గదులు వేసుకుని అక్కడికి పోదామని ఆయన పట్టుబట్టాడు. నేను రానంటే రానన్నాను. ఆ ప్లాటు మీద ఆయన ప్రాణం పెట్టుకున్నాడని నాకు తెలుసు. అయితే మాత్రం? నీళ్లు లేని చోట సంసారం ఈదాల్సింది నేను కదా.

అంతలో ఉప్పల్ టాకీసుకు ఒక సినిమా వచ్చింది. పట్నం బతుకు వద్దనుకున్న కొందరు ఒక ద్వీపానికి పోయి కొత్త జీవితం మొదలుపెడతారట. పోస్టరు చూసి మా ఆయనకు ఆశ పుట్టింది. ఆదివారం మ్యాట్నీకి తీసుకెళ్తూ దారిలో అడగకుండానే మల్లెపూలు కొన్నాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఏం సినిమా తల్లీ! పడవ దిగీ దిగగానే హీరో కొబ్బరిచెట్టు కింద నిలబడి ఉపన్యాసం అందుకున్నాడు. తర్వాత పాట. మళ్లీ ఉపన్యాసం. వచ్చినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు బిందె తెచ్చుకోలేదు. చుట్టూ ఉప్పునీళ్లు, తాగే నీళ్లెక్కడివని అడిగిన పాపాన పోలేదు. పొయ్యి వెలగదు గానీ హీరోయిన్ తెల్లచీర మాత్రం మాయదు. వాళ్లు చేసిన మొదటి పనేమిటంటే, వెదురుతో పెద్ద ద్వారం కట్టి పూలదండలు వేయడం. అది చూసి నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన సీట్లో కిందికి జారిపోయాడు.

ఇంటర్వెల్‌కే సగం హాలు ఖాళీ అయింది. నేను కదల్లేదు, ఒళ్లు మండిపోతోంది. చివరికి అందరూ జుట్టూ జుట్టూ పట్టుకుని, వచ్చిన పడవే ఎక్కి తిరిగి పట్నం పోయారు.

బయటికొచ్చాక మా ఆయన నా ముఖం చూడకుండా, ప్లాటు అమ్మేద్దామన్నాడు. ఆ గొంతు వినగానే నా గుండె కలుక్కుమంది.

"ఎందుకమ్మాలె? వాళ్లకు చేతగాకపోతే మనకు గూడ చేతగాదా? ముందుగాల నీళ్లు సూద్దాం. నీళ్లు పడితే నేనొస్త" అన్నాను.

ఆ వారమే నీళ్లు చూసే పెద్దాయన్ని పిలిపించాం. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని ప్లాటంతా తిరిగాడు. తిరిగి తిరిగి, ఆ కాయ సరిగ్గా గేటు దగ్గరే లేచి నిలబడింది. మా ఆయన ఇంకోసారి చూడమని బతిమాలాడు. కాయ మళ్లీ అక్కడే లేచింది. గేటు పీకించాను.

బోరుబండి వచ్చింది. మధ్యాహ్నం దాకా తెల్లటి రాతిపొడే. మా ఆయన ముఖం కూడా అలాగే పాలిపోయింది. ఇక ఆపేద్దామన్నాడు. ఆపితే ఊరుకోనని బండివాళ్లకు గట్టిగా చెప్పాను. కాసేపటికి పొడి తడిసింది, బురదయింది, తర్వాత భళ్లున నీళ్లు ఎగజిమ్మాయి. గంగపూజకని కట్టుకున్న నా పట్టుచీర నిలువునా తడిసింది. చిన్నపిల్లలా ఎగిరాను, సిగ్గేముంది? దూరంగా గుడిసెల్లో ఉన్న ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. పసుపు కుంకుమ చల్లి, మొదటి బిందె నేనే పట్టాను. మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఏరి, నీళ్లు తేరుకున్నాక, వెంట తెచ్చుకున్న బియ్యం, బెల్లం, పాలతో పరమాన్నం వండాను.

మా ఆయన ముఖం తుడుచుకుంటూ పక్కనొచ్చి కూర్చున్నాడు. ఇంకా నమ్మకం కుదరనట్టు, "మరి వస్తవా?" అని మెల్లగా అడిగాడు.

"వచ్చుడేంది? నేనైతే వచ్చేసిన. సామాన్లు నువ్వు పోయి తే" అన్నాను.