పగతో చదివిన వాక్యం

నన్ను నలుగురిలో అవమానించిన మనిషికి పక్షవాతం వచ్చిందని తెలిసిన రోజు నేను సేమ్యా పాయసం వండాను. ఏమిటి విశేషం అని మా ఇంటాయన అడిగితే, సేమ్యాకు పురుగు పట్టేట్టుంది, పారేయడం ఎందుకని అన్నాను. ఆయన ఒక గిన్నె తాగి పనికి పోయాడు. నేను మూడు గిన్నెలు తాగాను. జీడిపప్పు కూడా వేశాను, అది మామూలుగా క్రిస్మస్‌కే వేస్తాను.

ఆ మనిషి మా చర్చిలో సంఘపెద్ద. హెడ్మాస్టరుగా చేసి రిటైరైనాడు. అందరూ పెద్దాయన అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. మనసులో నేను పిలుచుకునే పేరు వేరే ఉంది, దాన్ని కాగితం మీద పెట్టను. సూళ్లూరుపేటలో మా చర్చిలో ప్రతి ఆదివారం ముందు నిలబడి వాక్యం చదివేది ఆయనే. గొంతు బాగుండేది. అంత బాగుండబట్టే నాకు ఇంకా మండేది.

నేను పుట్టింది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెలో. మా ఇంట్లో యేసు లేడు, ఊరి అమ్మవారే ఉంది. మా అమ్మ పొద్దున్నే గంపకెత్తుకుని బస్సెక్కి సూళ్లూరుపేటకు వచ్చి వీధి వీధీ తిరిగి చేపలు అమ్మేది. నేను హైస్కూల్లో ఉండగా ఊరూరా తిరిగి ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించే ఒక ముసలి బైబిలు స్త్రీ మా పల్లెకు నడిచి వచ్చేది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. ఆడవాళ్ళు రొయ్యలు వలుస్తూ కూర్చుంటే వాళ్ళ మధ్య చతికిలబడి చదివేది. మతం మారండని ఒక్కసారి కూడా అనలేదు. చదివి, మూసి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయేది. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఆమె వచ్చే రోజు రొయ్యలు నెమ్మదిగా వలిచేది, వినడానికి.

నేను బాప్తిస్మం తీసుకున్నది పెళ్ళయి సూళ్లూరుపేటకు వచ్చాక. ఆ మరుసటి ఏడాది ఉపవాస ప్రార్థనలో నాకు పిలుపు వచ్చింది. ఆకాశం తెరుచుకోలేదు, పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. మోకాళ్ళ మీద ఉండగా ఆ ముసలామె గుడ్డసంచి గుర్తొచ్చింది. ఇక దాన్ని మోయాల్సింది నేనే అని తెలిసిపోయింది. ఆకలేస్తే తెలిసినట్టు తెలిసింది. ఏడ్చాను. పల్లెకు పోయి మా అమ్మకు చెబితే, "నీ దేవుడు పిలిస్తే పో మే. చదువు రాని ముండల ఏడుపు ఆ చర్చి పెద్దోళ్ళకేం తెలుస్తాది?" అంది. ముండలు అన్నది తనతో సహా తన తోటివాళ్ళందరినీ, ముద్దుగానే.

అప్పటి పాస్టరుగారు సంతోషించి కమిటీలో నా సంగతి పెట్టాడు. నన్ను బైబిలు స్త్రీగా పెట్టుకుందాం, ఇళ్ళకు పంపుదాం అన్నాడు. నేను గుమ్మం పక్కన నిలబడి ఉన్నాను, పిలిస్తే లోపలికి వెళదామని. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నాడు: "పంపొచ్చు గానీ పాస్టరుగారూ, ఆ అమ్మాయి గడపలో కాలు పెడితే వాక్యం కంటే ముందు చేపల కంపు పోతాది గదా లోపలికి."

అందరూ నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వి, నేను గుమ్మంలో ఉన్న సంగతి గుర్తొచ్చి దగ్గాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ ఏ కమిటీలోనూ రాలేదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇప్పుడు నలభై ఎనిమిది. మధ్యలో ఉన్న ఇరవై ఆరేళ్ళూ నేను మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టాను, పగ సాధించాను. చర్చి మారమని మా ఇంటాయన ఎన్నోసార్లు చెప్పాడు. మారితే పెద్దాయన మొహం చూడటం ఎట్లా? ఆరాధన అయ్యాక అందరికీ చేతులు జోడించి వందనాలు చెప్పేదాన్ని. పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి కొంగు సర్దుకునే పని పడేది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు లేచి, "గర్వం వల్ల కళ్ళు మూసుకుపోయిన పెద్దల కోసం ప్రార్థించండి" అనేదాన్ని. సంఘమంతా ఆమేన్ అనేది. ఎవరి గురించో తెలియనివాళ్ళు లేరు. ఆయన భార్య జాకెట్టు ఇస్తే మాత్రం చెడగొట్టేదాన్ని కాదు, నా చేతికి చెడ్డపేరు కదా. మూడుసార్లు తిప్పించుకుని ఇచ్చేదాన్ని, అంతే. పాపం, ఆమె నన్ను ఏమీ అనలేదు. అయినా ఆ ఇంటి మనిషి.

ఇక పాయసం సంగతికి వస్తాను. పెద్దాయనకు కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆ గొంతు పోయింది. అది తలుచుకున్నప్పుడల్లా నా మిషను ఇంకొంచెం హుషారుగా తిరిగేది.

రెండు నెలలకు ఆయన భార్య మా షాపుకొచ్చింది. చేతిలో జాకెట్టు గుడ్డ లేదు. స్టూలు మీద కూర్చుని కాసేపు పైట అంచు చూసుకుంది.

"చెల్లీ, ఆయన వాక్యం వినాలని తపిస్తా ఉండాడు. ఫోన్లో పెడితే చేత్తో తోసేస్తా ఉండాడు, మనిషి చదవాలంట. నాకేమో కళ్ళకు పొరలు. నువ్వు బాగా చదవతావని అందరూ అంటారు గదా. రోజూ కాసేపు వచ్చి చదవవా?"

"నన్నే రమ్మన్నాడా అక్కా?"

"ఆయనేం చెప్తాడు చెల్లీ, మాటే లేదు గదా. నేనే వచ్చినాను."

చూసి చెప్తానని పంపించాను. ఆ రెండు రోజులూ నాకు కుట్టు సరిగ్గా పడలేదు. దేవుడి మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంటికి వచ్చి చదవమని నన్ను పిలిచిన మొట్టమొదటి గడప అది. పోకపోతే, నాకు పిలుపు ఉంది, ఆయనే అడ్డుపడ్డాడు అని ఇన్నేళ్ళూ చెప్పుకున్నది అబద్ధమవుతుంది. పోతే, ఆయన మంచం పక్కన కూర్చుని ఆయనకు ఓదార్పు మాటలు చెప్పాలి. ఇరవై ఆరేళ్ళు పెంచుకున్న పగను ఉచితంగా ఇచ్చిరావాలి. నేనంత మంచిదాన్ని కాదు.

మూడో రోజు బైబిలు తిరగేస్తుంటే దారి దొరికింది. శత్రువు ఇల్లు పాడైపోవాలని, వాడి పేరు కూడా మిగలకూడదని భక్తుడు కడుపు మండి మొరపెట్టే అధ్యాయాలు ఉన్నాయి కదా. వాటిని చర్చిలో ఎవరూ చదవరు. అవీ వాక్యమే. చదవమన్నారు, చదువుతాను. ఇంతకంటే విధేయత ఏం కావాలి? నాకు నవ్వొచ్చింది. కూర్చుని శాపాలున్న చోటల్లా ఎర్రదారం ముక్కలు పెట్టుకున్నాను.

పోయే రోజు పొద్దున అరకిలో నెత్తళ్ళ చేపలు తెచ్చి ఒక్కొక్కటీ గోటితో గిల్లి శుభ్రం చేశాను. చేతులు నీళ్ళతో కడుక్కున్నాను, సబ్బు ముట్టలేదు. అలాగే వెళ్ళాను. వాక్యం కంటే ముందు ఏది లోపలికి పోవాలో దాన్నే పంపించాను.

హాల్లో కిటికీ పక్కన మంచం. మనిషి సగానికి చిక్కిపోయాడు. నన్ను చూసి ఆయన ఎడమ కన్ను పెద్దదైంది. కాళ్ళ దగ్గర ఒకామె కూర్చుని పడిపోయిన కాలికి నూనె మర్దన చేస్తోంది. ఆయన్ని చూసుకోవడానికి పెట్టుకున్న మనిషి. నలభై ఏళ్ళుంటాయి. సరస్సు ఒడ్డు పల్లె నుంచి పొద్దున బస్సుకొచ్చి సాయంత్రం బస్సుకు పోతుంది. నుదుట కుంకుమ, మణికట్టుకు గుడిలో కట్టిన దారం. మా పల్లె కాదు గానీ యాస మాదే. చదువు లేదట.

కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ఆయనకు అర్థమైపోయింది. ఎన్నేళ్ళు చదివినవాడు, ఏ అధ్యాయమో తెలియదా. పనిచేసే చెయ్యి దుప్పటిని గట్టిగా పట్టుకుంది. నేను తొందరపడలేదు, ఒక్కో శాపం తర్వాత ఆగి, మొహం చూసి, మళ్ళీ చదివాను. కంటి చివర నీళ్ళు వస్తే ఆమె లేచి తుడిచింది. లోపల్నుంచి వచ్చి మొహం మీదికి వంగి చూసిన ఆయన భార్య, "ఎంత స్పష్టంగా చదవతావు చెల్లీ, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు చూడు" అని తానూ కళ్ళు తుడుచుకుంది. పొరలు ఆమె కళ్ళకే కాదనుకున్నాను. ఆ మధ్యాహ్నం కడుపునిండా తిన్నాను, కమ్మగా నిద్రపట్టింది.

రోజూ పోయాను. ఆదివారం ఇప్పటి పాస్టరుగారు, కుర్రవాడు, ప్రసంగంలో నా సంగతి ఎత్తాడు. దేవుని పిలుపుకు లోబడటమంటే ఇదీ, క్షమించడమంటే ఇదీ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. సిగ్గుపడుతున్నాననుకున్నారు, నవ్వు దాచుకుంటున్నాను. మెచ్చుకుంటూ ఉంటే పగ ఎంత తియ్యగా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు.

పదిహేనో రోజు ఆయన భార్య కళ్ళ ఆసుపత్రికి పోయింది. ఇంట్లో మేం ముగ్గురమే. ఆ రోజు శాపాలు చదివి బైబిలు మూసేసరికి కాళ్ళ దగ్గరామె అంది:

"అక్కా, ఒక మాట అడగతా. ఏమీ అనుకోవద్దు."

"అడుగు."

"మీ దేవుడు ఎప్పుడూ ఇట్లా తిడతానే ఉంటాడా?"

ఆమె నూనె చేత్తోనే జుట్టు వెనక్కి తోసుకుంది.

"నేనెప్పుడూ ఇనలేదక్కా మీ వాక్యం, ఇదే మొదులు. మా పక్కింటామె చెప్తాది, ఏడ్చేవాళ్ళ దగ్గరికి మీ దేవుడు తానే నడిచి వస్తాడంట. మొన్న సంక్రాంతి ముందు నా బిడ్డ సరస్సులో పోయినాడు. పద్దెనిమిదేళ్ళు. అందుకే నువ్వు చదివేటప్పుడు పని లేకపోయినా ఈడనే కూర్చుంటా ఉండా, ఆ మాట వస్తాదేమోనని. ఇంకా రాలేదు. అది ఎప్పుడొస్తాదక్కా?"

పదిహేను రోజులు. రొయ్యలు వలుస్తూ విన్న మా అమ్మ లాంటి మనిషి, బిడ్డను పోగొట్టుకుని, నేను ఈ రోజైనా చదువుతానేమోనని పదిహేను రోజులు నా ముందు కూర్చుంది. నేను ఆమె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన కన్నే చూస్తున్నాను. ఇంకొకటి కూడా తెలిసింది, అది ఇంకా చేదు. ఒక ఆడది ఇంకో ఆడదానికి చదవడానికి కమిటీ అనుమతి ఎందుకు? ఆ ముసలామె ఎవరినీ అడిగినట్టు లేదు. నేను కూడా సంచి తగిలించుకుని ఏ బస్సైనా ఎక్కి ఉండొచ్చు. ఇరవై ఆరేళ్ళు నన్ను ఆపింది పెద్దాయన కాదు. ఆయన ఒక్క మాటన్నాడు, మిగతాదంతా నేనే చేశాను.

అట్లా తెలిసినంత మాత్రాన ఆయన మీద మనసు కరిగిందనుకోవద్దు. కరగలేదు. మంచం మీద నుంచి ఆయన మమ్మల్నే చూస్తున్నాడు. అన్నీ విన్నాడు. ఇప్పుడు నేను ఏం చదివినా ఆయన కూడా వింటాడు. ఆమె కోసం తీసే మాటలో ఆయన కూడా వాటా తీసుకుంటాడు. అది నాకు ససేమిరా ఇష్టం లేదు.

"వంటింట్లోకి రా," అన్నాను ఆమెతో. "అక్కడ చదువుతా."

"ఆయన్ని వదిలి యాడికొచ్చేదక్కా? పక్కకు జారిపోతాడు. ఈడనే చదువు."

ఎర్రదారాలన్నీ దాటుకుంటూ పేజీలు తిప్పాను. చనిపోయిన ఒక్కగానొక్క కొడుకును మోసుకుపోతుంటే వెనకాల ఏడుస్తూ నడిచే విధవరాలిని చూసి ప్రభువు ఆగిన చోటు దొరికింది. కుర్చీని మంచానికి దూరంగా, ఆమె పక్కకు లాక్కున్నాను. ఆయన వైపు వీపు పెట్టి, ఆమె చెవికి మాత్రమే అందేట్టు గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టాను.

ఆమె మర్దన ఆపి ముందుకు వంగింది.

"ఇనపడలేదక్కా," అంది. "గట్టిగా చదువు."

పళ్ళు బిగపట్టి పేజీ సరిచేసుకున్నాను. ఆమె చూస్తూనే ఉంది. మళ్ళీ మొదటినుంచి గట్టిగా చదివాను. ఆయనకూ వినపడింది.