అవ్వ పగలగొట్టిన అద్దం

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం వస్తే మాటకంటే ముందు చెయ్యి లేచేది. మా ఊరి బంగారు గని మూతపడ్డాక అది మరీ ఎక్కువైంది. ఏళ్ళ తరబడి భూమి లోపల పనిచేసిన మా నాయన పొద్దంతా గడప మీద కూర్చునేవాడు. ఎవరైనా తలుపు గట్టిగా వేసినా కొట్టడానికి లేచేవాడు.

గని కంపెనీ చివరిసారిగా ఇచ్చిన డబ్బంతా పోసి ఆయన ఒక పాత వ్యాను కొన్నాడు. దాని మరమ్మతుకు కొంత పక్కన పెట్టాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఇప్పటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. కంపెనీ కట్టించిన మా లైను ఇళ్ళలో పైకప్పు రేకు ఎగిరినా, తలుపు ఊడినా కంపెనీ మనుషులే వచ్చి బాగుచేసి పోయేవారు. వస్తువు మనదైతే దాని అరుగుదల కూడా మనదేనని అక్కడ ఎవరికీ నేర్చుకునే అవసరం పడలేదు.

మొదటి బాడుగలు చేతికి రాగానే నాయన మెరిసే సీటు కవర్లు, పాటలకు టేపు కొన్నాడు. బ్రేకు మాత్రం రెండు మూడుసార్లు తొక్కితేగాని పట్టేది కాదు. మామిడికాయల కాలమంతా వ్యాపారులను శ్రీనివాసపురం మండీకీ, రాయల్పాడు తోటలకూ అట్లాగే తిప్పాడు. ఆ కాలం ముగిశాక మా వీధి పిల్లలను బడికి చేర్చే పని ఒప్పుకున్నాడు. ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని.

ఆ పని మొదలయ్యే ముందురోజు పంక్చరు వేయించడానికి పోతే, షెడ్డులో మెకానిక్కు చక్రం విప్పి చూసి, బ్రేకు మార్చనిదే బండి ఇవ్వనన్నాడు. నాయన అతని కాలరు పట్టుకుని మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు చొక్కా మీదికి కారింది. నాయన చక్రం తనే బిగించుకుని బండిని ఇంటికి తెచ్చేశాడు. ఆయన కన్నతల్లి, మా అవ్వ, సాయంత్రానికల్లా ఈ సంగతి విన్నది.

పొద్దున పిల్లలమంతా సంచులతో ఎక్కి కూర్చున్నాం. అవ్వ వచ్చి, "దిగండమ్మా, గోడ పక్కకు పోండి" అంది. మేము దిగగానే, కొంగు చాటునుంచి కారం నూరే గుండ్రాయి తీసి ముందు అద్దం మీద వేసింది. గాజు పెంకులు సీట్ల మీద కురిశాయి.

"పిచ్చి పట్టిందా ముసలిదానా!" అంటూ నాయన వచ్చి ఆమె చెయ్యి మెలితిప్పి తోశాడు. మణికట్టు విరిగిన చప్పుడు గోడ దగ్గర మాకు కూడా వినిపించింది. అవ్వ వీధి పక్క మోరీ కాలవలో పడింది. లేచి, ఎడమచేత్తో రాయి అందుకుని లైటు కూడా పగలగొట్టింది.

"కొట్టరా, ఇంగొక చెయ్యి ఉండాది గదా! బ్రేకు లేకుండా పోతానంటివే, అద్దం లేకుండా పో చూద్దాం. యాడికి పోతావో పో!"

వేలాడుతున్న ఆ చెయ్యి చూసి నాయన నేల మీద కూలబడ్డాడు.

కంటికి కనబడేది పగిలితేనే కొడుకు షెడ్డుకు పోతాడని ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో అవ్వకు కట్టు కట్టించి, నాయన అదే మెకానిక్కు ముందు నిలబడ్డాడు. వాచిన పెదవితోనే అతను, "ముందు బ్రేకు అన్నా, ఆమీట అద్దం. ఇంగోసారి కొట్టినా ఇదే మాట" అన్నాడు. టేపూ, సీటు కవర్లూ అమ్మితే బ్రేకు వచ్చింది.

ఆ తర్వాత నాయన బండి ఆపి ఇంట్లోకి రాబోతే, అవ్వ గడపకు అడ్డంగా కూర్చుని ఎడమచెయ్యి చాపేది. బాడుగలో డ్రైవరు పక్కనున్న ముందు సీటు డబ్బు బండి మరమ్మతుకని ఆమె చేతిలో పెట్టాలి. ఇంట్లో బియ్యం లేవని నాయన గొణిగితే, "గంజి తాగుదాం. కంపెనీ వచ్చి చేస్తాదని కూసోబాకు. ఇంగ నీ కంపెనీ నేనేరా" అనేది. ఆ వ్యానుకు టైర్లూ, క్లచ్చూ, అన్నీ ఆ చేతిలోనుంచే వచ్చాయి.

నాయన దురుసు ఆ ఒక్కరోజుతో పోలేదు. కానీ అవ్వ మీదికి మాత్రం మళ్ళీ చెయ్యి లేవలేదు. సరిగా అతకని ఆ మణికట్టుకు ఆయనే నూనె రాసేవాడు, తల ఎత్తకుండా.

ఇప్పుడు ఎవరైనా చవగ్గా దొరికిందని పాత కారు చూపిస్తే, దాని ధర నేను అడగను. కొన్నాక దాని కోసం ఎంత మిగుల్చుకున్నారని అడుగుతాను. వాళ్ళు నవ్వి ఊరుకుంటే, వెనక సీట్లో కూర్చున్న పిల్లల వంక చూడలేను.