వంటావిడ తగ్గిన పదకొండు కిలోలు

మా అక్కను వీధిలో అందరూ సూదులక్క అంటారు. పదేళ్లు బట్టల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టి, ఆ తర్వాత ఆక్యుపంక్చర్ నేర్చుకుంది. చెప్పులు కుట్టే దుకాణం పైన, పంతొమ్మిది మెట్లు ఎక్కితే రెండు మంచాలు, మధ్యలో ఒక తెర, కిటికీ పక్కన బరువు చూసే యంత్రం. అదే తన వైద్యశాల. సన్నబడాలని వచ్చినవాళ్లకు చెవికి మూడు, పొట్టకు నాలుగు, మోకాళ్ల కింద రెండు సూదులు గుచ్చి అరగంట పడుకోబెడుతుంది. నేను తలుపు దగ్గర బల్ల వేసుకుని వాళ్ల బరువు, తిన్న తిండి రిజిస్టరులో రాస్తాను.

ఇరవై ఏళ్లు నిజాయితీగానే చేసింది. నా సూది కొవ్వు కరిగించదు, ఆకలిని కాస్త జోకొడుతుంది, నోరు కట్టుకోవాల్సింది మీరేనని మొదటి రోజే మొహం మీద చెప్పేసేది. సగం మంది మళ్లీ వచ్చేవాళ్లు కాదు. తనకు పని నేర్పిన గురువుగారిది ఒక నియమం ఉంది. తిండి తగ్గించకుండా బరువు తగ్గుతున్న మనిషికి సూది గుచ్చకూడదు, ముందు డాక్టరు దగ్గరికి పంపాలి. రిజిస్టరు పెట్టింది అందుకే.

ఒక్కసారి ఆ నియమం తప్పింది. ఎవరూ అడగకపోయినా, ఒక్కసారేగా అని నేను అక్క తరఫున వాదిస్తుంటాను.

అప్పుడు వచ్చినావిడ బస్సు డిపో క్యాంటీన్‌లో వంటావిడ. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరేదాకా నా బల్ల పట్టుకుని నిలబడి, ఎక్కేసరికే సగం తగ్గిపోతామనా ఇంత పైన పెట్టారని అడిగింది. ఆ మాటతోనే మాకు నచ్చేసింది. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. అక్క కాలు నేల మీద నిలవలేదు. ఆవిడ మొదటి రోజు ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన గోడకు తగిలించింది. అవి చూసినవాళ్లు ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు.

తిండి సంగతి వంటావిడ దాచలేదు. ఒక మంగళవారం నేను అడిగితే, "తగ్గించడమా? ముందుకన్నా రెండింతలు తింటున్నా. దాహం సంగతి చెప్పక్కర్లేదు, ఎంత తాగినా తీరట్లేదు," అంది. ఉన్నదున్నట్టు రాశాను. తెర అవతల నుంచి అక్క విని నవ్వింది. తన చేతిలో నిజంగానే ఏదో ఉందన్నమాట అంది. నేనూ నవ్వాను. గురువుగారి నియమం నాకు గుర్తు రాకపోలేదు. గోడ మీది ఫోటోలు చూసి నోరు మూసుకున్నాను.

రెండు వారాలకు క్యాంటీన్‌లో మరిగే నీళ్లు ఆవిడ కాలి మీద ఒలికాయి. మంట కూడా తెలియలేదట. పుండు మానలేదు. ఆసుపత్రిలో చూస్తే చక్కెర జబ్బు, బాగా ముదిరిపోయి ఉంది. రెండు కాలివేళ్లు తీసేశారు.

కబురు తెలిసిన రోజే అక్క ఫోటోలు దించేసింది. చూసి రావాలని నాలుగుసార్లు చెప్పులేసుకుని, మెట్ల దాకా వెళ్లి తిరిగొచ్చింది. ముఖం చెల్లలేదు. నేనూ పద అనలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నానని రోజూ అనేది. నిజంగా అంత సిగ్గే ఉంటే వెళ్లి ఉండేవాళ్లం.

చివరికి ఆవిడే వచ్చింది. మెట్ల మీద చేతికర్ర చప్పుడు ఒక్కొక్కటిగా పైకి వస్తుంటే మేమిద్దరం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మందులు పనిచేసి ఒళ్లు తేరుకుంది, బుగ్గలు మళ్లీ నిండాయి. గోడ ఖాళీగా ఉండటం చూసి ఆవిడ తలదించుకుంది.

"ఏమనుకోకక్కా, మళ్లీ లావయ్యాను. నీ పరువు తీశాను."

అక్క నా బల్ల మీది రిజిస్టరు తీసి, ఆ మంగళవారం పేజీ వెతికి, నేను రాసింది పైకి చదివింది. రెండింతల తిండి, తీరని దాహం. "ఇది విన్నప్పుడే నిన్ను డాక్టరు దగ్గరికి పంపాల్సింది. నాకు తెలుసు. తెలిసీ నవ్వాను. తప్పు నాది," అంది.

వంటావిడ రిజిస్టరు తన వైపు తిప్పుకుని ఆ పేజీ మీది తేదీ చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"ఆ వారం డాక్టరు దగ్గరికి వెళ్దామనే అనుకున్నానక్కా. భయమేసి ముందు మీకు చెప్పాను. నువ్వు నవ్వేసరికి మనసు కుదుటపడి ఇంటికెళ్లిపోయాను."