మీగడ రంగు అంబాసిడర్

పోయిన ఎండకాలం కోరుట్ల నుంచి సిరిసిల్ల పోతుంటే, రుద్రంగి దాటినంక మా బస్సు ఒక దాబా కాడ ఆగింది. దాబా ముంగట పాత అంబాసిడర్ కారు కొత్త మీగడ రంగుతోని మెరుస్తున్నది. ఇంజన్ తీసేసి బానెట్ల పూలమొక్కలు పెట్టిండ్రు. జనం దాని పక్కన నిలవడి ఫోటోలు దిగుతున్నరు.

నా పక్క సీట్ల కూసున్న పెద్దాయన దిగి, కారు తలుపు మీద అరచెయ్యి ఆనిచ్చి నిలవడ్డడు.

"చెయ్యి తియ్యి పెద్దమనిషీ, రంగు పోతది," అని దాబా ఓనర్ కసురుకున్నడు.

ఆయన చెయ్యి తీసి బస్సెక్కిండు. జరసేపటికి నాతోని అన్నడు. "అది మా నాయిన కారు. తుప్పంత గీకి, గా రంగు నేనే ఏసిన. ఇంజన్ సుత నడిచింది. అమ్మను ఎక్కిచ్చుకొని వేములవాడ పోదామనుకున్న. దుమ్ము పడకుంట షెడ్డుల పెడ్తనని మా తమ్ముడు తీస్కపోయిండు."

ఫోన్ తీసి తమ్మునికి చేసిండు. "తమ్మీ, కారెట్లుందిరా?" అని అడిగి, చాలాసేపు విన్నడు. "సరే, పైలం," అని పెట్టేసిండు.

"ఏమన్నడు?" అని అడిగిన.

"ఇప్పుడే తుడిచి, బట్ట కప్పిండట."

కారు ఇంకా మా కిటికీలకెల్లి కనవడుతనే ఉంది.