మంచం పట్టీ మీద రెండు చరుపులు

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. నేను చెప్పబోయే దానిలో దయ్యం లేదు, చనిపోయినవాళ్ళు కూడా ఎవరూ లేరు. ఇది జరిగింది పట్టపగలు, మా ఇంటి ముందు గదిలో. అప్పుడు ఆ గదిలో ఉన్నది నేనూ, మా బాపూ.

నలుగురిలో నోరు విప్పే మనిషిని కాను నేను. అందుకే చిన్నప్పటి నుంచి డైరీ రాస్తాను. ఆ అలవాటే లేకపోతే ఇదంతా నా ఊహ అని ఎప్పుడో సరిపెట్టుకునేదాన్ని.

మాది పటాన్‌చెరు దగ్గర కర్దనూర్. చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాక బాపు వ్యవసాయం తగ్గించి, ముత్తంగిలో ఒక గోదాములో పనికి చేరాడు. లారీలను వెనక్కి తెప్పించి సరుకు దించే ప్లాట్‌ఫాంకు ఆనించడం ఆయన పని. బెత్తెడు ముందే ఆగితే సరుకు దించడం కష్టం. బెత్తెడు ఎక్కువ వస్తే గోడ పగులుతుంది. బాపు లారీకి ఎడమ పక్కన నడుస్తూ, అరచేత్తో దాన్ని చరుస్తూ “రానియ్... రానియ్...” అనేవాడు. ఆగాల్సిన చోటికి రాగానే “బస్” అని గట్టిగా రెండు చరుపులు చరిచేవాడు. డ్రైవర్ ఏ రాష్ట్రం వాడైనా ఆయన మాట మారేది కాదు. అందరికీ అర్థమయ్యేది కూడా.

సెలవుల్లో అన్నా నేనూ ఆయనకు అన్నం డబ్బా తీసుకెళ్ళేవాళ్ళం. కొత్త డ్రైవర్లు అద్దంలో ప్లాట్‌ఫాంనే చూస్తూ స్టీరింగ్ అటూ ఇటూ తిప్పేవారు. లారీ వంకరటింకరగా వచ్చేది.

“ఏం డ్రైవర్ సాబ్, అద్దంల మొగం సూస్కుంటున్నవా? గోడ యాడికి పోదు. నా చెయ్యి సూడు!” అని అరిచేవాడు బాపు. అన్న పడీ పడీ నవ్వేవాడు.

ఆ అన్న ఇప్పుడు వాయుసేనలో యుద్ధ విమానం నడుపుతాడు. ఎక్కడో రాయొద్దన్నాడు కాబట్టి రాయను.

కిందటేడు బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఎనిమిది నెలలు ఆయన నోటి నుంచి ఒక్క మాట లేదు. అన్న ఫోన్ చేసినప్పుడు ఆయన చెవి దగ్గర పెట్టేవాళ్ళం. “బాపూ, తిన్నవా?” అని అన్న అడిగేవాడు. ఇటు నుంచి ఊపిరి చప్పుడే వెళ్ళేది. అన్న కాసేపు దాన్నే విని పెట్టేసేవాడు.

ఆ రోజు మంగళవారం. నేను ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటాను. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిని, కిటికీ దగ్గర చదువుకుంటున్నాను. మబ్బు పట్టిందని అమ్మ ఎండు మిరపకాయలు ఎత్తడానికి మిద్దె మీదికి వెళ్ళింది. బాపు నిద్రపోతున్నాడనుకున్నాను.

“రానియ్.”

పుస్తకం నా చేతిలోంచి జారిపోయింది. బాపు కళ్ళు పెద్దవి చేసి ఎటో చూస్తున్నాడు. ఎడమ చేత్తో ఇనుప మంచం పట్టీని చరుస్తున్నాడు. “రానియ్... జెర ఎడమకు... రానియ్...” ముద్ద మాట కాదు. గోదాములో విన్న గొంతే.

ముందు సంతోషం కలిగింది. అంతలోనే భయమేసింది. ఆయన నుదురంతా చెమట. ఫిట్స్ లాంటిదేదో వస్తోందనుకున్నాను. గబుక్కున వెళ్ళి ఆ చేయి గట్టిగా పట్టుకున్నాను.

“బాపూ, లారీలు లేవు. మనం ఇంట్లనే ఉన్నం,” అన్నాను.

ఆయన ఆగాడు. నావైపు చూశాడు. వెనక్కి వస్తున్న లారీకీ గోడకూ మధ్యలోకి వెళ్ళినవాళ్ళ వైపు అలా చూసేవాడు. ఆ తర్వాత చేయి లాక్కున్నాడు. పక్షవాతం వచ్చిన మనిషికి అంత బలం ఎక్కడిదో! మళ్ళీ “రానియ్... రానియ్...” అంటూ మెల్లగా, చాలాసేపు. చివరికి “బస్”. రెండు చరుపులు. పట్టీ ఖంగుమంది. ఆయన కళ్ళు మూసుకుని నిద్రలోకి జారుకున్నాడు.

“ఎవరిదే లారీ? ఇంటి మీదికి తెస్తున్నరా ఏంది?” అంటూ అమ్మ మిద్దె దిగి పరుగున వచ్చింది. వాకిట్లో ఏ లారీ లేదు. నేను చెప్పగానే బాపు కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది.

గడియారం చూసి డైరీలో రాసుకున్నాను: మూడూ నలభై. ఆయన అన్న ప్రతి మాటా, చివరి రెండు చరుపులూ రాశాను. చేయి పట్టుకుని ఆపానని మాత్రం రాయలేదు. ఎనిమిది నెలల తర్వాత నోరు తెరిచిన మనిషిని ఆపిన సంగతి రాసుకోవడానికి సిగ్గేసింది. అమ్మకు కూడా చెప్పలేదు.

రాత్రి అన్న ఫోన్ చేస్తే అమ్మ ఆ మాటలన్నీ చెప్పింది. అన్న “ఎన్నిగొట్లకు?” అని మాత్రం అడిగాడు. అమ్మ టైం చెప్పగానే ఫోన్ పెట్టేశాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాం.

నెల తర్వాత అన్న సెలవు మీద వచ్చాడు. బాపుకు తనే జావ తినిపిస్తానని కూర్చున్నాడు. బాపు తల కొద్దిగా ఊగుతుంటుంది. జావ సగం గడ్డం మీదికే పోతోంది.

“చెంచాను సూడకు అన్నా,” అన్నాను. “దాన్నే సూస్తే చెయ్యి వణుకుతది. బాపు మొగం సూడు.”

అన్న చెంచా గిన్నెలో పెట్టేశాడు. “నీకెవరు చెప్పిన్రే ఇది?”

“ఎవరు చెప్తరు? రోజూ తినిపిస్త గద.”

అప్పుడు చెప్పాడు. ఆకాశంలో పెద్ద ట్యాంకర్ విమానం వెనక పొడుగాటి గొట్టం వేలాడుతుందట. దాని చివర బ్యాడ్మింటన్ కాక్ లాంటి బుట్ట. యుద్ధ విమానం ముక్కు దగ్గర ఉండే చిన్న గొట్టాన్ని ఆ బుట్టలో దూర్చాలి. అప్పుడే ఇంధనం ఎక్కుతుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ మన విమానం తోసే గాలికే బుట్ట పక్కకు జరుగుతుంది. బుట్టనే చూస్తే దాని వెంట పడి ఊగిపోతాం. ట్యాంకర్‌ను చూడాలి. మొదటి రోజు నుంచీ నేర్పే పాఠం అదేనట.

ఆ మంగళవారం మూడూ నలభైకి అన్న సముద్రం మీద ఉన్నాడు. వానకు దగ్గరలోని రన్‌వే మూసేశారు. రెండుసార్లు బుట్ట తప్పిపోయింది. ఇంధనం అడుగంటింది, ఇంకోసారి తప్పితే విమానం వదిలి నీళ్ళలోకి దూకడమే.

“అంత నేర్చుకున్న గద. అయినా బుట్టనే సూస్తున్న,” అన్నాడు. “అప్పుడు బాపు గొంతు వినొచ్చింది. రేడియోల కాదే. నా ఎడమ పక్క నుంచి. లారీ పక్కన నడుస్తడు సూడు, గట్ల.”

తర్వాత ఆ ప్రయాణం రికార్డింగ్ విన్నాడట. అందులో తన ఊపిరి తప్ప ఏమీ లేదు.

నేను డైరీ తెచ్చి ఇచ్చాను. నిజం చెప్పాలంటే అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. ఆ మాటలూ, సమయమూ అమ్మ ఫోన్‌లో ముందే చెప్పింది. అన్న మనసే వాటిని తర్వాత అతికించుకుని ఉండొచ్చు. అన్న ఆ పేజీ రెండుసార్లు చదివాడు.

“గింతేనా? మధ్యల ఆగలేదా?”

“మధ్యలంటే?”

“బుట్ట ఇంక మూరెడు దూరం ఉన్నప్పుడు గొంతు ఆగిపోయింది. ఎవరో చెయ్యి పట్టుకున్నట్టు. నా పానం పోయింది. ముందుకు పోలే, వెనక్కు రాలే, అక్కడ్నే ఉన్న. మల్ల ‘రానియ్’ అన్నడు.”

అప్పుడు చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. “నీ పానం పోయేటట్టు చేసిన అన్నా,” అన్నాను.

అన్న నా తల మీద చెయ్యి పెట్టాడు. “పిచ్చిదానా, అప్పుడు బుట్ట బాగ ఊగుతుండె. ఆ జెరసేపు నేను ఆగినందుకే అది కుదురుకుంది. ఆగకపోతే పోయి గుద్దుకుంటుంటి.”

అది నిజమో, నన్ను ఊరడించడానికి అన్నాడో నేను అడగలేదు. మంచం మీద బాపు మా ఇద్దరినీ చూస్తున్నాడు. అన్న మళ్ళీ చెంచా తీసుకుని, బాపు మొహంలోకి చూస్తూ తినిపించాడు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

ఏళ్ళ తరబడి అలవాటైన మాటలు, మాట పోయినవాళ్ళ నోట కూడా ఒక్కోసారి హఠాత్తుగా వస్తాయని డాక్టర్ చెప్పారు. ఆ మాటల వరకు నేను ఒప్పుకుంటాను. ఆ మూడూ నలభై ఎలా కుదిరిందో, నేను ఎక్కడా రాయని, ఎవరికీ చెప్పని ఆ ఆగడం అన్నకు ఎలా తెలిసిందో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. ఆలోచించీ ఆలోచించీ వదిలేశాను.

బాపు మళ్ళీ మాట్లాడలేదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట ఆయన ఎడమ చేయి పక్క మీంచి కొద్దిగా లేస్తుంది. నేను పుస్తకం మూసేసి, మంచం పట్టీ మీద ఆరేసిన తువాలు తీసేస్తాను. ఆ చేయి మాత్రం పట్టుకోను.