పెళ్ళికి రెండు పెన్నులు

సంబంధం ఖాయమైన రోజున, ఏం కావాలో అడగమ్మా అని మా తమ్ముడు కూతుర్ని అడిగాడు. గొలుసు వద్దు, బీరువా వద్దు అంది.

"నీ చేత్తో చేసిన పెన్నులు రెండు ఇయ్యి నాన్నా. నాకొకటి, ఆయనకొకటి."

అమ్మాయి విజయవాడలో టీచరు. పెళ్ళికొడుకుది గంపలగూడెం, అతనూ టీచరే. ఆ కోరిక విని మా వాడి ముఖం ఎలా వెలిగిందో నేను చూశాను. మాఘంలో ముహూర్తం పెట్టుకున్నాం. కార్తీకంలో వాడికి పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది. మాట కాస్త ముద్దగానైనా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం తిరిగిరాలేదు.

మా కుటుంబం సంగతి తిరువూరులో పాతవాళ్ళందరికీ తెలుసు. మామిడితోటలు, మాగాణి, మిల్లు, అన్నీ మావే ఒకప్పుడు. ఎలా పోయాయన్నది నేను ఎవరితోనూ మాట్లాడను. నాకు పిల్లల్లేరు, భార్య పోయింది, అద్దెకున్న రెండు గదుల్లో నా గంజిపంచెలు నేనే ఇస్త్రీ చేసుకుంటాను. ఎవరింటికీ వెళ్ళి ఏదీ అడగలేదు. తమ్ముడు నాలాంటివాడు కాదు. రాజమండ్రిలో కొన్నాళ్ళుండి పెన్నులు చేయడం నేర్చుకుని వచ్చి, విస్సన్నపేట రోడ్డులో ఒక గది తీసుకుని లేత్ మిషను పెట్టాడు.

"మన దగ్గర కౌలుకు చేసినవాళ్ళొచ్చి బేరమాడుతుంటే అక్కడెలా కూర్చుంటాంరా?" అన్నాను అప్పట్లో.

"నువ్వు కూర్చోకు అన్నయ్యా, నుంచో" అన్నాడు.

అన్నట్టే రోజూ సాయంత్రం వెళ్ళి ఆ గుమ్మంలో నుంచునేవాణ్ణి. ప్లీడర్లు, పంతుళ్ళు, పాస్టరుగారు వచ్చి పెన్నులు కొనుక్కునేవాళ్ళు. గట్టిపడిన రబ్బరు కడ్డీని, పెన్నులు చేసేవాళ్ళు ఎబొనైట్ అంటారు, లేతుకు బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే నల్లటి రిబ్బనులా పొట్టు ఊడేది. గదంతా గంధకం వాసన. మా మరదలు ఆ వాసన దుప్పట్లలో కూడా ఉందని గొణిగేది.

పక్షవాతం తర్వాత గది మూసే ఉంది. ఒక మధ్యాహ్నం అటు పోతుంటే లోపల మిషను చప్పుడు వినిపించింది. తలుపు తోశాను. వాడు లేత్ ముందు నుంచుని ఉన్నాడు. మిషను తిరుగుతోంది. దానికి కడ్డీ లేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, ఉత్తినే తిరుగుతున్న ఆ ఇనుప చక్రాన్ని చూస్తున్నాడు. నన్ను చూసి స్విచ్చి కట్టేశాడు.

"నేను చేస్తాను" అన్నాను.

"ఏం చేస్తావు?"

"పెన్నులు. నువ్వు చెప్పు, నేను చేస్తాను."

వాడు నవ్వాడు. మూతి ఒక పక్కకే పోయింది. "నువ్వు గోరు కూడా మంగలి చేత తీయించుకుంటావు అన్నయ్యా."

మర్నాటినుంచి వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీలో వాడు, మిషను దగ్గర నేను. మా ఇంట్లో చిన్నవాడు పెద్దవాడికి పని చెప్పిన రోజు లేదు. మా నాన్నగారు ఉన్నంతకాలం నేను కుర్చీలో ఉంటే వాడు నుంచునేవాడు. ఇప్పుడు వాడు కూర్చుని నా మీద కేకలేశాడు.

"నొక్కకు. ఆనించు చాలు."

"ఆనించాను."

"నువ్వు ఆనించడం కాదు, దాన్ని దున్నుతున్నావు. వంగు. నడుం వంచకుండా ఏం కనపడుతుంది నీకు? ఇక్కడ నిన్ను చూసేవాళ్ళెవరూ లేరు, వంగు."

వంగాను. మొదటి కడ్డీ ముక్కలై గోడకు కొట్టుకుంది. రెండోదానికి బెజ్జం పక్కకు పోయింది. మూత బిగిసే మర కోయడం నాకు బొత్తిగా రాలేదు. గట్టిగా తిప్పితే మర తెగేది, మెల్లగా తిప్పితే పట్టేది కాదు. వాడు లేచి వచ్చి ఎడమచెయ్యి నా చేతి మీద వేసి తిప్పించేవాడు. చిన్నప్పుడు వాడికి అక్షరాలు దిద్దించింది నేను. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చే ఉంటుంది.

మరదలు అన్నం క్యారేజీ తెచ్చి గుమ్మంలో ఆగి చూసేది. "బావగారి పంచె చూడండి" అని మొగుడితో అనేది, నాతో అనలేక. పంచె నిండా నల్లటి పొట్టు.

అమ్మాయి రోజూ ఫోను చేసేది. "అవుతున్నాయమ్మా" అనేవాడు వీడు. అంతకంటే ఏమీ చెప్పేవాడు కాదు.

పుష్యం వెళ్ళేలోపు రెండు పెన్నులు కుదిరాయి. నలుపులో ముదురు ఎరుపు చారలు కలిసిన కడ్డీ అది. మా వాడు దాచుకున్నది, ఆ రంగులో అదే ఆఖరుది. మెరుగు పెట్టాక వాడు వాటిని ఒక్కొక్కటే ఎడమచేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళతో పొడుగునా తడిమాడు.

"నేను చేసినట్టే ఉన్నాయి" అన్నాడు చివరికి.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది.

మా తాతగారి కాలంలో మా ఇంటినుంచి ఏ పెళ్ళికి ఏ గిన్నె వెళ్ళినా దాని మీద మా ఇంటిపేరు ఉండేది. ఇప్పుడు ఆ గిన్నెలు ఎవరి ఇళ్ళలో ఉన్నాయో గానీ, నాకు తెలిసినంతలో పెళ్ళికానుక అంటే అదే. ఇచ్చినవాళ్ళెవరో వస్తువు చెప్పాలి. మెరుగు చూస్తానని పెన్నులు తీసుకుని, బజారులో స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టే అతని దగ్గరికి వెళ్ళాను. ఒకటి మా అమ్మాయికి, ఒకటి అల్లుడికి అని చెప్పి, రెండింటి మీదా మా ఇంటిపేరు చెక్కమన్నాను. "లోతుగా కొట్టు, అరిగిపోకూడదు" అని కూడా చెప్పాను. అతను కళ్ళజోడు సవరించుకుని, "అల్లుడుగారి దాని మీద కూడా మీదేనాండీ?" అన్నాడు. చెప్పింది చెయ్యమన్నాను.

తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాను. ఎల్లుండి పెళ్ళి. ఇంటి నిండా చుట్టాలు. మేమిద్దరం లేత్ గదిలో ఉన్నాం. వాడు అక్షరాల మీద బొటనవేలు ఆనించి ఉంచాడు.

"ఏంటిది?"

"మన పేరు."

"అల్లుణ్ణి ఇల్లరికం తెచ్చుకుంటున్నామా అన్నయ్యా? ఎక్కడ పెడదాం, నీ రెండు గదుల్లోనా?"

"వేళాకోళం ఆపు. మనకు మిగిలింది అదొక్కటేరా."

"నీకు మిగిలింది. నాకు కూతురుంది." మాట ముద్దగానే ఉన్నా ఒక్క అక్షరం తప్పిపోలేదు. "ఎల్లుండినుంచి అది వాళ్ళ ఇంటిపేరు రాసుకుంటుంది. రాసుకునే పెన్ను మీద మనదేంటి? అది నన్ను అడిగింది నా చేతిపని. మన వంశాన్ని కాదు."

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఆ పేరు చెక్కించడం సిగ్గుపడే పని అనుకోను. కానీ వాడి బొటనవేలు ఆ అక్షరాలను తుడిచేయాలన్నట్టు అటూ ఇటూ కదులుతుంటే చూడలేకపోయాను. ఇటివ్వు, తీసేస్తాను అన్నాను.

"చెక్కించింది నువ్వు. తీసేది నేను" అని లేచాడు.

ఎడమచేత్తో ఉలి పట్టుకున్నాడు. పనికిరాని కుడిచేతిని నేను వెనకనుంచి ఎత్తి, ఉలి కొసన ఆనించి, మోచేయి కింద నా అరచెయ్యి పెట్టాను. ముందు అల్లుడి పెన్ను. చారల మీదనుంచి పొట్టు సన్నగా ఊడింది. అక్షరాలు పలచబడి, మసకై, పోయాయి. మా వాడి ఒళ్ళంతా చెమట. కానీ వాడి చెయ్యి, అదే ఎడమచెయ్యి, ఎక్కడా తడబడలేదు. మళ్ళీ మెరుగు పెడితే గీత కూడా కనపడలేదు. ఆ నిమిషంలో వాడు నాకు జబ్బు లేనివాడిలా కనిపించాడు.

తర్వాత అమ్మాయిది. బజారులో అతను దాని మీద ఇంకా లోతుగా కొట్టాడు. లోతుగా కొట్టమన్నది నేనే. ఎంత తీసినా ఆఖరి అక్షరం పోలేదు. "చాల్లేరా, కనపడదు" అన్నాను. "దానికి కనపడుతుంది" అన్నాడు. మళ్ళీ ఆనించాడు. పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. గొట్టం పొడుగునా చీలింది.

మిషను ఆపాను. వాడు తిట్టలేదు. తిడితే బాగుండేది. నల్లకడ్డీ ఒకటి ఉంది, రాత్రంతా కూర్చుని చేస్తాను అన్నాను. "వేరే రంగైతే జత కాదు. తర్వాత చేసిస్తాను" అన్నాడు. ఎవరు చేసిస్తారో నేను అడగలేదు. ఆ రంగు కడ్డీ కోసం రాజమండ్రికి ఫోను చేశాం. దొరికితే పంపుతామన్నారు.

పెళ్ళి బాగా జరిగింది. తలంబ్రాలయ్యాక మా వాడు కుర్చీలోంచే అల్లుడికి పెన్ను ఇచ్చాడు. ఆ అబ్బాయి మర్యాదగా రెండు చేతులతో తీసుకుని, మూత తీసి, పాళీ చూసి, అమ్మాయికి అందించాడు. అది పెన్నును చూడలేదు. వాళ్ళ నాన్న ఒళ్ళో పడి ఉన్న కుడిచేతినే చూసింది.

"ఈ చేత్తో ఎలా చేశావు నాన్నా?"

మా వాడు నావైపు చూశాడు. నేను పురోహితుడితో ఏదో మాట్లాడుతున్నట్టు అటు తిరిగాను.

"ఎలాగో చేశాను" అన్నాడు. "నీది చీలిపోయిందమ్మా. కడ్డీ రాగానే చేస్తాను."

"తొందరేం లేదు నాన్నా" అంది.

వైశాఖంలో రెండోసారి వచ్చిన పక్షవాతం వాణ్ణి తీసుకుపోయింది. తల కొరివి పెట్టే కొడుకు లేడని నేనే పెట్టాను. చిన్నవాడికి పెద్దవాడు పెట్టడం ఏమిటని ఎవరో గొణిగారు. నేను తిరిగి చూసేసరికి ఊరుకున్నారు.

కడ్డీ పెద్దకర్మ అయ్యాక వచ్చింది. ఎర్రచారల కడ్డీ, అచ్చం అదే రంగు. అమ్మాయి ఇంకా పుట్టింట్లోనే ఉంది. పార్సిలు విప్పి, కడ్డీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మరదలు కాఫీ తెచ్చి నా పక్కన స్టూలు మీద పెట్టింది.

"పెదనాన్నా, మీరు రోజూ అక్కడే ఉండేవారు కదా" అంది అమ్మాయి. "నాన్న ఎలా చేసేవాడో చూశారు. మీకేమన్నా వచ్చా ఈ పని?"

గుమ్మంలో మరదలు ఆగిపోయింది. ఆవిడకు అంతా తెలుసు. నా పంచెలు ఉతికింది ఆవిడే ఆ రెండు నెలలూ.

వచ్చని చెబితే పెన్ను అవుతుంది. బాగానే చేయగలను. కానీ పెన్ను చేతికిచ్చిన మర్నాడే దాన్ని మొగుడి పెన్ను పక్కన పెట్టి చూస్తుంది. మర అదే, మూత వంపు అదే, ఉలి జాడ అదే. అది టీచరు, చేతిరాతలు దిద్దే మనిషి. పెళ్ళిరోజున వాళ్ళ నాన్న ఇచ్చిన పెన్ను ఎవరు తిప్పారో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడు దానికి నాన్న చేసిన పెన్నంటూ ఒక్కటీ మిగలదు.

ఏ పనైనా, ఎవరి ముందైనా, నాకు రాదని నేను ఎప్పుడూ అనలేదు.

"నాకు రాదమ్మా" అన్నాను. "ఊరికే నుంచుని చూసేవాణ్ణి."

అమ్మాయి తలూపి, కడ్డీని మళ్ళీ కాగితంలో చుట్టడం మొదలుపెట్టింది.

"కాఫీ చల్లారిపోతోంది బావగారూ" అంది మరదలు.