అమ్మ ఎడమ చెయ్యి

పక్షవాతం వచ్చి అమ్మకు కుడి పక్కతో పాటు మాట కూడా పోయింది. నా భార్య పోయి అప్పటికి మూడేళ్లు. దాజీ పేట్‌లోని రెండు గదుల్లో మేమిద్దరమే. గోడ అవతల మగ్గాల మోత ఆగేది కాదు, ఇవతల పలుకన్నది లేదు. నేను కార్ఖానాకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయాను.

మాట రానివాళ్ల నొప్పిని చూసి తెలుసుకునే పద్ధతి ఒకటి దవాఖానాలో నర్సమ్మ చెప్పింది. ముఖం, ఊపిరి, మూలుగు, ఒళ్లు బిగుసుకోవడం, ఓదారిస్తే కుదుటపడటం. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా వేయాలి. మొత్తం నాలుగుకు చేరితే డాక్టర్ రాసిన మందు పట్టాలి. నేను చదివింది ఏడో తరగతే అయినా టవళ్ల కార్ఖానాలో నూలు లెక్కలన్నీ నావే, ఎవరూ నేర్పకుండా నేర్చుకున్నవి. అంకెల్లో చెప్పేసరికి ధైర్యం వచ్చింది.

నోట్‌బుక్కులో గళ్లు గీసి రోజుకు మూడు పూటలా వేశాను. పూటకు మొత్తం ఒకటి, సున్నా, రెండు, ఒకటి, అంతే. పదకొండు రోజుల్లో నాలుగు ఒక్కసారీ రాలేదు. మందు సీసా మూత తీయలేదు.

ఎడమ చెయ్యి మాత్రం కదిలేది. బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ, లేని ఆకులో లేని తంబాకు చుట్టేవి. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు. ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. పాత పని గుర్తొచ్చి హాయిగా ఉందనుకుని సున్నా వేసేవాణ్ని. పక్కన కూర్చుని ఎన్ని చుట్టిందో లెక్కపెట్టేవాణ్ని. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు అనిపించేది అప్పుడే.

పన్నెండో రోజు కుంభారి నుంచి బస్సెక్కి ఒక చిన్నమ్మ వచ్చింది. చుట్టం కాదు, అక్కడికి ఇల్లు మారేదాకా అమ్మ పక్కనే కూర్చుని బీడీలు చుట్టిన మనిషి. చూపించడానికి అమ్మను చెయ్యి పట్టి లేపి దిండుకు ఆనించాను. వేళ్లు మొదలయ్యాయి.

"ఎన్ని దినాల సంది చుడుతాంది ఇట్ల?"

"రోజూ చిన్నమ్మా. ఖుషీగున్నప్పుడు చుడ్తది."

"ఖుషీనా! నీ లెక్క మీద, నీ హిశోబు మీద మన్ను బొయ్య. నువ్వు పుట్టేనాడు నొప్పులొస్తున్నా ఒళ్లోకెల్లి చేట దింపలే ఇది. మొఖం గిట్లనే ఉండె, గోడ లెక్క. చెయ్యి జల్ది నడిస్తెనే మాకు సమజయ్యి మంత్రసానిని పిలిచినం."

ఆమె అమ్మ కుడి భుజం మీద మెల్లగా అరచెయ్యి ఆనించింది. అమ్మ ముఖం కదలలేదు. వేళ్లు పరుగెత్తాయి.

"ఏ రెక్క వట్టి లేపుతున్నవ్ రోజూ?"

"కుడిది."

"పడిపోయిన రెక్క వట్టి గుంజుతవా కొడుకా?"

ఆ పక్కకు నొప్పి తెలియదనుకున్నాను. బాగున్న చేతిని కష్టపెట్టొద్దనుకున్నాను. ఇవాళ్టివి కాక, రోజుకు ఆరుసార్లు, పదకొండు రోజులు. అరవై ఆరు.

మందు పట్టాం. వీపు కింద చెయ్యేసి ఎలా లేపాలో చిన్నమ్మ చూపించింది. ముప్పావు గంటకు వేళ్లు నెమ్మదించి, దుప్పటి మీద విచ్చుకుని ఆగిపోయాయి.

"కదులుతలేదని బుగులు పడకు. నిమ్మలమైంది" అని, అశోక్ చౌక్‌లో బస్సు దొరకదేమోనని వెళ్లిపోయింది.

తలుపు వేసి వచ్చి, నిద్రపోయిన అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఆ చెయ్యి మళ్లీ కదలకూడదని కోరుకుంటూ, దాని వైపే చూస్తూ ఉన్నాను. ఇంట్లో ఇక కదిలేది ఏదీ లేదు.